అభిమానం – ఆరాధన: పాప్ సంగీత తారల అభిమానులు, క్రైస్తవ విశ్వాసం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పాప్ సంగీత తారలపై అభిమానం, క్రైస్తవ విశ్వాసం ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. తారాభిమానం విగ్రహారాధనే కనుక దాన్ని విడిచిపెట్టాలన్నది మొదటిది. అది కాలక్షేపం మాత్రమే కనుక విశ్వాసానికి దానితో పేచీ లేదన్నది రెండోది. ఈ రెండు సమాధానాలూ అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జాన్ లెనన్ వ్యాఖ్యపై 1966లో చెలరేగిన వివాదం, క్లిఫ్ రిచర్డ్ విశ్వాస ప్రకటన, బాబ్ డిలన్ 1979–81 మధ్య వెలువరించిన క్రైస్తవ గీతాలు అనే మూడు సందర్భాలను ఆధారంగా తీసుకుని, ‘అభిమానం’ అన్న మాటలోని అర్థఛాయల ద్వారా, భారతీయ కావ్యశాస్త్రంలోని సాధారణీకరణ భావన ద్వారా ఈ సమస్యను పరిశీలించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అభిమానం, ఆరాధన, పాప్ సంగీతం, క్రైస్తవ విశ్వాసం, నరస్తుతి, సాధారణీకరణ, సహృదయత.

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చే యువతీయువకుల్లో చాలామందికి ఆదివారం ఉదయం ఆరాధనలో పాడే గొంతూ, మిగిలిన రోజుల్లో చెవిలో మోగే గొంతూ వేరువేరు. ఈ రెంటినీ ఎలా పొందుపరచుకోవాలో వారికి చెప్పేవారు తక్కువ. ప్రసంగవేదిక దీన్ని పాపపుణ్యాల లెక్కలో తేల్చేస్తుంది. సామాజిక శాస్త్ర చర్చల్లో తారాభిమానాన్ని ఆధునిక యుగపు కొత్త మతంగా వర్ణించడం పరిపాటి అయింది. ఒకరు ఖండించారు, మరొకరు వర్ణించారు. కానీ ‘తార పాట విని చలించిన నేను, ప్రార్థనలో చలించనప్పుడు ఏమనుకోవాలి?’ అని అడిగే శ్రోతకు ఈ ఇద్దరి వద్దా సమాధానం దొరకదు.

ఈ ప్రశ్న తెలుగు సాహిత్య విమర్శకు పరాయిది కాదు. నరాంకితమా, దేవాంకితమా అన్న చర్చ మన కావ్య చరిత్ర పొడవునా ఉంది. రాజులకు కావ్యాన్ని అంకితమివ్వడాన్ని పోతన భాగవత అవతారికలో నిరసించాడు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను ఈసడించాడు. త్యాగరాజు నరస్తుతిని తిరస్కరించడమే కాక, భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గం కాదని ఒక కృతిలో స్పష్టం చేశాడు. అయితే ఈ చర్చ అంతా స్రష్ట వైపు నుంచి సాగింది. కవి ఎవరిని స్తుతించాలి, వాగ్గేయకారుడు ఎవరి కోసం పాడాలి అన్నవే అక్కడి ప్రశ్నలు. వినేవాడి ధర్మసంకటం వేరు. అతడు ఎవరినీ స్తుతించడం లేదు, కేవలం వింటున్నాడు. ఆ వినడంలోనే ఏదో స్తుతి జరిగిపోతున్నదేమోనన్నది అతని శంక.

2. వినేవాడి ధర్మసంకటం: అగస్టీన్

శ్రోత వైపు నుంచి ఈ ప్రశ్న వేసుకున్నవారిలో అగ్రగణ్యుడు సెయింట్ అగస్టీన్. నాలుగో శతాబ్దం చివర ఆరంభమైన తన ‘కన్ఫెషన్స్’ పదో భాగం 33వ అధ్యాయంలో చెవి సుఖాన్ని గురించి ఆయన ఆత్మపరీక్ష చేసుకున్నాడు. విశ్వాసంలోకి వచ్చిన తొలినాళ్లలో సంఘంలో వినిపించిన గానం తనను కంటతడి పెట్టించిందని ఆయన గుర్తుచేసుకున్నాడు. పాడుతున్న విషయం కన్నా పాడే గొంతు తనను ఎక్కువగా కదిలించినప్పుడు అది తన దోషమేనని ఒప్పుకున్నాడు. అయినా సంఘంలో గానం కొనసాగడం వైపే మొగ్గాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది, అగస్టీన్‌కు సందేహం కలిగించింది లౌకిక గీతం కాదు, దైవగీతమే. పాట వస్తువు పవిత్రమైనంత మాత్రాన శ్రోత సమస్య తీరదని దీనివల్ల తెలుస్తుంది. లౌకిక గీతాలు మాని భక్తిగీతాలు వింటే చాలునన్న సలహా ఎంత పైపైనిదో ఈ ఒక్క అధ్యాయం చాలు చెప్పడానికి. రెండోది, ఆయన తప్పును పాటలోనో గాయకునిలోనో వెదకలేదు. తన వినికిడిలో వెదికాడు.

3. ‘అభిమానం’ – ఒక పద పరిశీలన

ఆంగ్లంలోని ‘ఫ్యాన్’ అనే మాటకు మూలం లాటిన్‌లో ఆలయాన్ని సూచించే ‘ఫానుమ్’ నుంచి పుట్టిన ‘ఫనాటికస్’. ఆలయ సంబంధమైన ఆవేశం పూనినవాడని దాని తొలి అర్థం. తారాభిమానాన్ని మతంగా చూసే వాదాలకు ఈ వ్యుత్పత్తి సహజంగానే ఊతమిచ్చింది. తెలుగు దీనికి ‘అభిమాని’ అన్న మాటను వాడుకుంది. ఈ మాట మనల్ని మరో దారిలోకి తీసుకుపోతుంది.

సంస్కృతంలో అభిమానమంటే ప్రధానంగా అహంభావం, ‘నేను’, ‘నాది’ అన్న తలంపు. సాంఖ్యులు అహంకారాన్ని అభిమాన లక్షణంతోనే నిర్వచించారు. తెలుగులో ఈ పదం ప్రీతి అన్న అర్థాన్ని కూడా సంతరించుకుంది కానీ పాత అర్థం పోలేదు. ‘అభిమానధనుడు’, ‘అభిమానం చంపుకోవడం’, ‘ఆత్మాభిమానం’, ‘దురభిమానం’ వంటి ప్రయోగాల్లో అది సజీవంగా ఉంది. ఒకే మాటలో ఇతరునిపై ప్రేమ, తనపై పట్టు రెండూ కలిసి ఉండడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా విమర్శకు అది ఉపకరిస్తుంది. తారను ఎవరైనా కించపరిస్తే అభిమానికి తానే అవమానపడినట్లు అనిపించడానికి కారణం ఈ మాటలోనే ఉంది.

తెలుగు సినిమా అభిమానులపై జరిగిన పరిశోధన కూడా ఈ ఊహను బలపరుస్తుంది. అభిమానిని కేవలం భక్తునిగా చూడడం చాలదని ఎస్.వి. శ్రీనివాస్ తన అధ్యయనాల్లో వాదించారు. అభిమానిలో భక్తితో పాటు ధిక్కారమూ ఉంటుంది. తార తాను ఆశించినట్లు లేకపోతే అభిమాని అలుగుతాడు, నిలదీస్తాడు. అంటే అభిమాని ఆరాధన షరతులతో కూడినది. తారపై తనకు హక్కు ఉందన్న భావన దాని పునాది.

కాబట్టి విశ్వాసికి అభిమానం వల్ల కలిగే ప్రమాదాన్ని ‘మరొక దేవుడు’ అన్న కోణంలో మాత్రమే చూడడం సరిపోదు. ‘నేను’ అన్న పాత దేవుడు తార ముఖం తొడుక్కుని రావడం అంతకన్నా సూక్ష్మమైన ప్రమాదం. ఈ దృష్టితో మూడు సందర్భాలను పరిశీలిద్దాం.

4. మొదటి సందర్భం: తార ప్రతిస్పర్ధిగా – జాన్ లెనన్, 1966

1966 మార్చి 4న లండన్ ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ పత్రికలో మౌరీన్ క్లీవ్ రాసిన పరిచయ వ్యాసం వెలువడింది. క్రైస్తవం క్షీణిస్తుందని, ఇప్పుడు తమ బృందానికి యేసు కన్నా ఎక్కువ జనాదరణ ఉందని బీటిల్స్ బృంద సభ్యుడు జాన్ లెనన్ అందులో అన్నాడు. బ్రిటన్‌లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలోని యువజన పత్రిక ‘డేట్‌బుక్’ ఆ వేసవిలో దాన్ని పునర్ముద్రించాక పరిస్థితి మారింది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఒక రేడియో కేంద్రం బీటిల్స్ పాటలను నిషేధించింది. దక్షిణాది రాష్ట్రాల్లో పలుచోట్ల వారి రికార్డులను పోగుపెట్టి తగలబెట్టారు. ఆగస్టు 11న షికాగోలో లెనన్ విలేకరుల ముందు వివరణ ఇచ్చుకున్నాడు. ఆ మాట టెలివిజన్ గురించి అని ఉంటే ఇంత గొడవ జరిగేది కాదని అన్నాడు. ఆ పర్యటన చివరన ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కచేరీయే టిక్కెట్లు పెట్టి వారు ఇచ్చిన ఆఖరి కచేరీ.

లెనన్ క్రైస్తవానికి బయటివాడు కాదు. లివర్‌పూల్‌లోని వుల్టన్ సెయింట్ పీటర్స్ చర్చి గాయక బృందంలో బాల్యంలో పాడినవాడు. పాల్ మెకార్ట్నీని తొలిసారి కలిసింది కూడా 1957 జూలై 6న అదే చర్చి ఆవరణలో జరిగిన ఉత్సవంలోనే. ఒక బృందం పుట్టుక చర్చి ప్రాంగణంతో ముడిపడి ఉండగా, తొమ్మిదేళ్లకే ఆ బృందం రికార్డులు క్రీస్తు పేరున మంటల్లో పడ్డాయి.

ఈ దహనాలను అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలోని ఎఫెసు ఘటనతో పోల్చి చూడాలి. అక్కడ మాంత్రిక విద్యలు అభ్యసించినవారు విశ్వాసులై, తమ గ్రంథాలను తామే తెచ్చి అందరి ఎదుట కాల్చివేశారు. వాటి వెల యాభై వేల వెండి రూకలు. అది పశ్చాత్తాపం నుంచి పుట్టిన త్యాగం. ఎవరి ప్రతిష్ఠ నిలబెట్టడానికీ వారు ఆ పని చేయలేదు. 1966 నాటి మంట రేడియో కేంద్రాల పిలుపుతో రాజుకుంది. దాని వెనుక ఉన్నది పశ్చాత్తాపం కాదు, పౌరుషం.

లెనన్ మాటలోని అసలు లోపం అతడు ఎంచుకున్న కొలబద్దలో ఉంది. క్రీస్తును జనాదరణ అనే తూకంలో వేయవచ్చునని అతడు అనుకున్నాడు. రికార్డులు కాల్చినవారు ఆ తూకాన్ని తిరస్కరించి ఉండవచ్చు. సిలువ మీద ఒంటరిగా మిగిలిన వ్యక్తికి జనాదరణతో పనేమిటని ఒక్క మాట అని ఊరుకోవచ్చు. వారు అలా చేయలేదు. తమ తార స్థానాన్ని తగ్గించినందుకు ఆగ్రహించే అభిమానుల్లాగా ప్రవర్తించారు. లెనన్ కొలబద్దను ఒప్పుకుని, కొలతను మాత్రమే కాదన్నారు. క్రీస్తు వారికి ఆ క్షణాన ప్రభువుగా కాక, ప్రత్యర్థి బృందం చేతిలో పరాభవం పొందిన తారగా కనబడ్డాడు. 2008లో వాటికన్ పత్రిక ‘లొస్సెర్వతోరె రొమానొ’ ఆ వ్యాఖ్యను అనుకోని కీర్తి తలకెక్కిన యువకుని గొప్పగా కొట్టివేయడం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నలభై ఏళ్ల తరువాత ఆ మాటలో దైవదూషణ కనబడలేదంటే, 1966లో గాయపడినది దేనికి సంబంధించినదో ఊహించవచ్చు.

5. రెండో సందర్భం: తార సాక్షిగా – క్లిఫ్ రిచర్డ్

అదే 1966లో, జూన్ నెలలో, లండన్ ఎర్ల్స్ కోర్టులో బిల్లీ గ్రాహం నిర్వహించిన సువార్త సభలో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన క్రైస్తవ విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించాడు. 1940లో లక్నోలో పుట్టి, 1948లో కుటుంబంతో ఇంగ్లండు చేరి, 1958లో తొలి పాటతోనే యువతను ఆకట్టుకున్న తార ఆయన. విశ్వాసి అయ్యాక సంగీతరంగాన్ని విడిచి మతబోధన ఉపాధ్యాయుడు కావాలనుకున్నాడు. చివరకు రంగంలోనే ఉండి సాక్షిగా నిలవాలని నిర్ణయించుకున్నాడు. పాప్ సంగీతం, విశ్వాసం పొసగవన్న మొదటి వాదానికి ఆయన జీవితమే ప్రత్యుత్తరం అనిపించవచ్చు.

కానీ అభిమానుల వైపు నుంచి చూస్తే చిక్కు తొలగలేదు. 1999 చివర ఆయన ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక స్కాటిష్ వీడ్కోలు గీతపు బాణీలో పాడి ‘ది మిలీనియం ప్రేయర్’ పేరుతో విడుదల చేశాడు. ఆయన రికార్డు సంస్థ దాన్ని విడుదల చేయడానికి ఇష్టపడలేదు. చాలా రేడియో కేంద్రాలు ప్రసారం చేయలేదు. అయినా అది డిసెంబరులో మూడు వారాలు బ్రిటన్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ రాబడిని సేవా కార్యక్రమాలకు ఇచ్చారు.

దీన్ని విశ్వాస విజయమనాలా, అభిమాన విజయమనాలా? రెండూ అనడమే న్యాయం. ప్రార్థన కోసం కొన్నవారున్నారు, గొంతు కోసం కొన్నవారున్నారు. తమ తారను రేడియో వెలివేసిందన్న రోషంతో కొన్నవారూ ఉండకపోరు. దేవుని నామం పరిశుద్ధపరచబడాలని కోరే ప్రార్థన, ఒక గాయకుని పేరును జాబితా మొదటికి చేర్చడంలో ఉన్న వైరుధ్యం చిన్నది కాదు. అగస్టీన్ ప్రశ్న ఇక్కడ యథాతథంగా వర్తిస్తుంది. కదిలించింది పాడిన విషయమా, పాడిన గొంతా? తార విశ్వాసి కావడం వల్ల అభిమాని పని తేలిక కాలేదు, కఠినమైంది. లెనన్ అభిమానికి రెంటి మధ్య గీత కనబడుతుంది. క్లిఫ్ అభిమానికి ఆ గీత చెరిగిపోతుంది.

లుస్త్రలో పౌలు, బర్నబాలకు ఎదురైన అనుభవం (అపొస్తలుల కార్యములు 14) ఈ సందర్భంలో ప్రసక్తమవుతుంది. కుంటివాడు నడవడం చూసిన జనం బర్నబాను ద్యుపతి అనీ, మాటకారి అయిన పౌలును హెర్మే అనీ పిలిచి, ఎడ్లను, పూలదండలను తెచ్చి బలి అర్పించబోయారు. గ్రీకు దేవుడు జ్యూస్‌ను తెలుగు బైబిలు అనువాదకులు ‘ద్యుపతి’ అనడంలోని ఔచిత్యం మెచ్చదగినది. అపొస్తలులు వస్త్రాలు చింపుకుని, తాము కూడా అటువంటి మనుషులమేనని మొత్తుకున్నారు. ఆ జనమే కొంతసేపటికి ప్రత్యర్థుల ప్రేరణతో పౌలుపై రాళ్లు రువ్వింది. పూలదండకూ రాయికీ మధ్య దూరం ఎంత తక్కువో తారాజీవితాలను గమనించినవారికి చెప్పనక్కరలేదు.

6. మూడో సందర్భం: తార పరివర్తితునిగా – బాబ్ డిలన్

యూదు కుటుంబంలో పుట్టిన బాబ్ డిలన్ 1970ల చివర క్రైస్తవుడయ్యాడు. 1979లో ‘స్లో ట్రైన్ కమింగ్’, 1980లో ‘సేవ్డ్’, 1981లో ‘షాట్ ఆఫ్ లవ్’ అనే ఆల్బములను వెలువరించాడు. 1979 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వార్ఫీల్డ్ థియేటర్‌లో వరుసగా ఇచ్చిన పద్నాలుగు కచేరీల్లో పాత పాట ఒక్కటీ పాడలేదు. అన్నీ కొత్త విశ్వాస గీతాలే. పాటల నడుమ బోధ కూడా చేశాడు. ప్రేక్షకుల్లో కొందరు అరిచి నిరసన తెలిపారు. తొలి ఆల్బములోని ‘గాట్టా సర్వ్ సమ్‌బడీ’ పాటకు గ్రామీ పురస్కారం లభించింది. ఏడాది తరువాత అదే వేదికపై పాత పాటలు తిరిగి చోటు సంపాదించుకున్నాయి. 1983 నాటి ‘ఇన్‌ఫిడెల్స్’ ఆల్బముతో ప్రత్యక్ష సువార్త స్వరం వెనక్కి తగ్గింది.

ఇక్కడ రెండు వర్గాల స్పందన పరిశీలించదగినది. పాత అభిమానుల్లో పలువురు మోసపోయామని భావించారు. తమ తిరుగుబాటుకు గొంతునిచ్చినవాడు తమ అనుమతి లేకుండా మోకరిల్లాడన్నది వారి బాధ. మరోవైపు క్రైస్తవుల్లో కొందరు డిలన్ మార్పును తమ విశ్వాసానికి దొరికిన యోగ్యతాపత్రంగా భావించి సంబరపడ్డారు. తరువాత ఆ స్వరం తగ్గినప్పుడు నిరాశపడ్డారు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వర్గాలూ ఒకే పని చేశాయి. రెండూ డిలన్‌ను ‘మనవాడు’ అనుకున్నాయి. ఆ పాటలు ఏమంటున్నాయో వినడం కన్నా, గాయకుడు ఎవరి పక్షమో తేల్చుకోవడం వారికి ముఖ్యమైంది. ఎవరికో ఒకరికి సేవ చేయక తప్పదన్న భావం చుట్టూ తిరిగే పాటను, గాయకుడు ఎవరి సొత్తన్న తగాదాగా మార్చడం విడ్డూరం.

7. పక్షం నుంచి సహృదయతకు

ఈ మూడు సందర్భాల్లోనూ కనిపించిన ధోరణికి పౌలు మొదటి కొరింథీ పత్రిక తొలి అధ్యాయంలో చక్కని నమూనా ఉంది. ఆ సంఘంలో ఒకరు పౌలువారు, ఒకరు అపొల్లోవారు, ఒకరు కేఫావారు అయ్యారు. అంతటితో ఆగక, క్రీస్తువారమని చెప్పుకునేవారిని కూడా పౌలు అదే వరుసలో చేర్చాడు. సరైన పేరును కూడా కక్షపేరుగా వాడుకోవచ్చునన్న అతని గ్రహింపు నిశితమైనది. తారాభిమానం విశ్వాసంలోకి చొరబడే తీరు ఇదే. అభిమాని తారను దేవునిగా చేయడం కన్నా, విశ్వాసి దేవుణ్ణి తారగా చేయడం తరచుగా జరుగుతుంది. రికార్డులు కాల్చినవారు చేసింది అదే. నేడు భక్తిగీతాలకూ ప్రసంగాలకూ వీక్షణల సంఖ్యను చూపి ఆశీర్వాదాన్ని లెక్కగట్టే తెలుగు విశ్వాసులకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

మరి సమతుల్యత అంటే ఏమిటి? సమయాన్ని సగం సగం పంచడం కాదు. వినే పద్ధతిని మార్చుకోవడం. దీనికి మన కావ్యశాస్త్రం ఒక దారి చూపుతుంది. రసానుభవంలో భావాలు సాధారణీకరణ చెందుతాయని భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పారు. ఇవి నావి, ఇవి శత్రువువి, ఇవి తటస్థునివి అన్న విభజన ఆ స్థితిలో ఉండదని మమ్మటుడు కావ్యప్రకాశం నాలుగో ఉల్లాసంలో వివరించాడు. అభిమానికి ‘నా’ అన్నదే ఆధారం. సహృదయునికి ఆ ‘నా’ తొలగడమే ఆస్వాదానికి ద్వారం. లెనన్ పాటను అతని మాటతో విభేదిస్తూనే వినగలవాడు, క్లిఫ్ ప్రార్థనగీతంలో సంగీతలోపం ఉంటే చెప్పగలవాడు, డిలన్ పాటను అతడు ఎవరి పక్షమన్న వాకబు లేకుండా ఆస్వాదించగలవాడు సహృదయుడు. విశ్వాసం అతని చేత చెవులు మూసుకోమనదు. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి పౌలు కొరింథీయులకు చెప్పినదీ ఇటువంటిదే. విగ్రహం వట్టిదే, తినడంలో తప్పులేదు, కానీ పొరుగువాని మనస్సాక్షిని గాయపరచేటట్లయితే మానుకోవాలి. అక్కడ కొలబద్ద పదార్థం కాదు, ప్రేమ.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ‘నా’ అన్న భావం లేని విశ్వాసం ఉంటుందా? భక్తులందరూ ‘నా దేవా’ అనే పిలిచారు కదా? నిజమే. కానీ వ్యాకరణం ఒకటే అయినా భావం తలకిందులు. అభిమాని అనే ‘నా’లో స్వామ్యం ఉంది, భక్తుడు అనే ‘నా’లో దాస్యం ఉంది. మొదటిది ‘అతడు నావాడు’ అంటుంది, రెండోది ‘నేను అతనివాణ్ణి’ అంటుంది. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం వర్ణించిన క్రీస్తు తన్ను తాను రిక్తుని చేసుకున్నవాడు. అటువంటివానికి అభిమాన సంఘం ఏర్పాటు చేయడం ఆయన స్వభావానికే విరుద్ధం.

మరో ఆక్షేపణ కూడా ఆలోచించదగినది. అభిమానాన్ని ఇంతగా వడగడితే అందులోని ఉల్లాసం మిగులుతుందా? ఒంటరితనంలో ఒక గొంతు ఇచ్చిన ఓదార్పు, అదే గొంతును ప్రేమించే నలుగురితో కుదిరిన చెలిమి తక్కువ విలువైనవి కావు. వాటిని పోగొట్టుకోవాలని ఈ వ్యాసం అనదు. గాయకునిపట్ల కృతజ్ఞత వేరు, స్వామ్యం వేరు. కృతజ్ఞత గాయకుణ్ణి మనిషిగా ఉండనిస్తుంది. పాడనప్పుడు అలసిపోనిస్తుంది, మారినప్పుడు మారనిస్తుంది. లుస్త్రలో అపొస్తలులు జనాన్ని వేడుకున్నది కూడా అంతే.

8. ముగింపు

తారాభిమానాన్ని విగ్రహారాధనగా ఖండించే వాదం శత్రువును బయట వెదుకుతుంది. దాన్ని కాలక్షేపంగా తోసిపుచ్చే వాదం శత్రువే లేడంటుంది. అగస్టీన్ చూపిన దారి, ‘అభిమానం’ అన్న మన మాట చూపిన దారి రెండూ వినేవాని లోపలికే తీసుకుపోతాయి. పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. తార విశ్వాసి కాకపోవడం శ్రోత విశ్వాసానికి దానంతట అది హాని కాదు. తార విశ్వాసి కావడం దానంతట అది రక్షా కాదు. పక్షబుద్ధి మాత్రం లౌకిక గీతాన్నీ దైవగీతాన్నీ ఒకే విధంగా చెడగొడుతుంది. కనుక విశ్వాసి అయిన అభిమాని తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ‘ఎవరి పాట వింటున్నాను?’ అన్నది కాదు. ‘ఈ గొంతును ఎవరైనా తక్కువ చేస్తే నాలో గాయపడేది ఎవరు?’ అన్నది. ఆ ప్రశ్నను తన ఆరాధన విషయంలో కూడా వేసుకోగలిగినప్పుడే అతనికి పాట పాటగా, ప్రార్థన ప్రార్థనగా దక్కుతాయి.